బొమ్మలో ఎత్తు కనిపించదు

"నీకేం, పొద్దస్తమానం ఏసీలో కూర్చుని ఫ్రాన్సంతా తిరిగొస్తావు" అన్నాడు జ్ఞానశేఖర్, తడి టవలు మంచం మీద పడేసి. మా ఆయన ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నేనూ నవ్వాను. మూడేళ్లుగా అంటూనే ఉన్నాడు కాబట్టి ఇప్పుడు నవ్వు రాదు, టవలు తీసి దండెం మీద ఆరేయడం మాత్రం చేతులు వాటంతటవే చేసేస్తాయి. చిత్రం ఏమిటంటే ఆ మాటలో అబద్ధం లేదు. మౌలాలిలో బస్సెక్కి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగి, లోకల్ రైలు పట్టుకుని బేగంపేట వెళ్లి, అక్కడ రోజంతా నేను ఫ్రాన్సు పల్లెటూళ్లలోనే తిరుగుతాను. కాకపోతే బయల్దేరే ముందు ఇంట్లో రెండు పూటలకూ వంట, అత్తయ్యకు రాగి జావ, ఆయనకు క్యారేజీ, అంట్లు, బట్టలు అన్నీ అయిపోవాలి. ఫ్రాన్సులో తెల్లారి జనం లేచేసరికి మనకు మధ్యాహ్నం అవుతుంది, అప్పుడు మొదలవుతుంది నా షిఫ్టు. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మా అత్తయ్య రోసమ్మ, "దేవుడు ఎంత మంచోడమ్మా, ఇంట్లో పనంతా చేసుకునే పోవచ్చు" అని సంతోషించింది.

మా ఆఫీసులో చేసే పని చెబితే ఇక్కడ చాలామంది నమ్మరు. ఇంగ్లండులో ఒక కంపెనీ ఉంది, అది సైకిలు సెలవులు అమ్ముతుంది. రిటైరైన టీచర్లు, డాక్టర్లు, మొగుడూ పెళ్లాలు వస్తారు. వాళ్లకు ఫ్రాన్సులో చెరో సైకిలు ఇచ్చి, సామాను వ్యానులో ముందు ఊరికి పంపించి, సందడి లేని పల్లె రోడ్ల మీద వదిలేస్తారు. చేతికి దారి కాగితాలు ఇస్తారు. ఎక్కడ కుడికి తిరగాలి, ఎక్కడ ఎడమకి, దారిలో ఏ కోట ఉంది, ఏ ఊళ్లో రొట్టెల కొట్టు సోమవారం తెరవరు, అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితాలు రాసేది మేము. కంప్యూటర్లో ఆ రోడ్ల ఫోటోలు వరసగా పేర్చి ఉంటాయి, ఒక్కొక్కటే జరుపుకుంటూ పోతే దారిలో మనమే పోతున్నట్టు ఉంటుంది. రెండు వైపులా గోధుమ చేలు, ఎక్కడో తెల్లటి ఆవులు, కాలవ గట్టున పొడుగాటి చెట్లు, దూరంగా చర్చి గోపురం. వాళ్లు దారి తప్పితే ఫోన్ కూడా మాకే వస్తుంది. పక్క ఊళ్లోంచి మాట్లాడుతున్నామని అనుకుంటారు. అందుకని కంపెనీ మా వాళ్లకు దొరల పేర్లు పెట్టింది. నా పక్క సీటు జైనాబీ ఫోన్లో జెన్నీ అవుతుంది, ధర్మరాజు డేవిడ్ అవుతాడు. నాకు మా నాన్న లాలాగూడ రైల్వే క్వార్టర్లో పెట్టుకున్న మేబెల్ అన్న పేరే సరిపోయింది.

దారి చెప్పాలంటే గుర్తులు కావాలి. ఆ పల్లెలు కొన్ని వందల ఏళ్ల నాటివి, గుర్తులకేం కరువు లేదు. చర్చి, కూలిన కోట బురుజు, వాగు మీద నీటి మర, కూడలిలో రాతి సిలువ. దాదాపు ప్రతి ఊళ్లోనూ యుద్ధంలో చనిపోయినవాళ్ల స్తంభం ఒకటి ఉంటుంది. పట్టుమని పాతిక ఇళ్లు లేని ఊళ్లో కూడా ఆ స్తంభం మీద మగవాళ్ల పేర్లు వరసగా చెక్కి ఉంటాయి. ఇంకోటి బట్టల రేవు. ఊట నీళ్లు వచ్చే చోట రాతి తొట్టి కట్టి, పైన పెంకుల కప్పు వేసి, చుట్టూ ఏటవాలుగా రాళ్లు పరిచి ఉంటుంది. ఊరి ఆడవాళ్లు ఆ రాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బట్టలు ఉతికేవాళ్లట, గడ్డ కట్టే చలిలో కూడా. ఇప్పుడు దాని చుట్టూ పూల కుండీలు పెట్టారు. "అందమైన పాత బట్టల రేవు, ఫోటోకు ఆగండి" అని మేము కాగితంలో రాస్తాం. అలాంటి రేవులు నేను ఎన్ని చూశానో లెక్కలేదు, ఒక్కదాని మీదా ఒక్క పేరు లేదు.

ఒకసారి ఆ మాట జైనాబీతో అంటే, "ఉతికినోళ్ల పేర్లు రాయాల్నంటే గోడ యాడ సరిపోతదక్కా" అని తన పని తాను చేసుకుంది. ఇంటికొచ్చి ఆయనతోనూ అన్నాను. "మంచి పాయింటే" అని, అన్నం కోసం కంచం ముందుకు జరిపాడు. జ్ఞానశేఖర్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, రైల్వే ఆఫీసు నుంచి నేరుగా ఇంటికొస్తాడు, చర్చి క్వైర్‌లో కమ్మగా పాడతాడు. ఇంకేం కావాలే నీకు అంటుంది మా అమ్మ. ఇంకేం కావాలో చాలాకాలం నాకూ తెలియలేదు.

కిందటి సెప్టెంబరులో ఒక ఫోన్ వచ్చింది. మిసెస్ పెర్రీ అని, డెబ్బైకి దగ్గర పడుతున్న ఆవిడ. నేను రాసిన కాగితంలో "మర దగ్గర నుంచి చర్చి దాకా వాగు వెంబడి తేలికైన దారి" అని ఉంది. ఫోటోల్లో ఆ దారి చదునుగా, చెట్ల నీడలో ఎంతో ముద్దుగా కనపడింది మరి. బొమ్మలో ఎత్తు కనిపించదు. ఆవిడ ఆ చడావంతా సైకిలు తోసుకుంటూ ఎక్కి, పైన బట్టల రేవు గట్టు మీద కూలబడి ఫోన్ చేసింది. వాళ్లాయన ఇంకా కిందే ఉన్నాడట. మాకు నేర్పించిన క్షమాపణ పాఠం అప్పజెప్పబోతుంటే ఆవిడ ఆపింది. "నాకు కోపమేం లేదమ్మాయ్. ఒక్క సంగతి చెప్పు, నువ్వు సైకిలెక్కి ఎన్నాళ్లయింది" అంది. ఫోన్లో సొంత విషయాలు మాట్లాడకూడదని మాకు రూలు. అయినా, "పెళ్లయినప్పటి నుంచి ఎక్కలేదండీ" అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ, "అంతకు ముందు నీకు ఇష్టంగా ఉండేదా" అని అడిగింది.

ఆ ఫోన్ అయ్యాక నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. మేబెల్‌కు ఏమిష్టం అని ఎవరూ అడగలేదని కాదు. చికెనా మటనా, ఈ చీరా ఆ చీరా అని అడిగారు. నా దగ్గర నుంచి పోయినదాని గురించి మాత్రం ఎవరూ అడగలేదు. మా నాన్న జకర్యా లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పెద్ద సైకిలు మీద, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి కైంచీ తొక్కడం నేర్చుకున్నాను. తర్వాత నాకే ఒక లేడీస్ సైకిలు కొనిచ్చారు. క్వార్టర్ల మధ్య రాతి గోడల పక్కనుంచి, పెద్ద చెట్ల కింద, సైరన్ మోగే వేళకు వర్క్‌షాపు నుంచి బయటకొచ్చే వందలమంది మగవాళ్లకు ఎదురుగా గంట కొట్టుకుంటూ పోయేదాన్ని. కాలేజీ కూడా సైకిలు మీదే అయింది. పెళ్లి కుదిరాక దాన్ని మా పిన్నివాళ్లకు ఇచ్చేశారు. ఇచ్చేముందు నన్ను అడగలేదు, ఎందుకిచ్చారని నేనూ అడగలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి పక్కింటి పిల్ల సైకిలు ఎక్కి సందు చివరి దాకా వెళ్లొస్తే, "కోడలు సైకిలెక్కితే మావాడికి బస్సు చార్జీలకు కూడా గతి లేదనుకుంటారమ్మా" అంది అత్తయ్య, మెల్లగానే. అంతే. గొడవేం జరగలేదు. మా ఇంట్లో దేనికీ గొడవ జరగదు.

మిసెస్ పెర్రీలాంటి ఫోన్లు ఇంకొన్ని వచ్చినట్టున్నాయి. జనవరిలో మా మేనేజరు బాబూరావు అందరినీ కూర్చోబెట్టి, ఇంగ్లండు వాళ్ల నుంచి కబురొచ్చిందని చెప్పాడు. మే నెలలో మాలో ఒకరు వెళ్లి, వాళ్ల మనిషితో కలిసి ఓ పది రోజులు ఆ దారులన్నీ స్వయంగా తొక్కి చూసి, కాగితాలు సరిదిద్దాలి. ఖర్చంతా వాళ్లదే. "సైకిలు బాగా వచ్చినోళ్లు ఎవరు" అని అడిగాడు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు, అందరికీ బైకులే. నేను ఆలోచించే లోపలే నా చెయ్యి పైకి లేచింది. బాబూరావు సంతోషించాడు గానీ, "మేబెల్ గారూ, ఇంట్లో ఇబ్బందేం లేదు కదా" అన్నాడు. ఆ ప్రశ్న మగపిల్లల్ని అడిగేవాడు కాదు. చివరికి నాకూ ధర్మరాజుకూ ఇద్దరికీ పాస్‌పోర్టు, వీసా కాగితాలు పెట్టిస్తానని, టిక్కెట్టు కొనే నాటికి నేను కచ్చితంగా చెప్పాలని, చెప్పకపోతే ధర్మరాజు సైకిలు నేర్చుకుంటాడని తేల్చాడు. "పో అక్కా. నువ్వు పోకుంటే ఆ డేవిడ్ పోయి అన్ని దార్లు తేలికే అని రాస్తడు" అంది జైనాబీ.

ఇంట్లో చెప్పాను. జ్ఞానశేఖర్ వద్దనలేదు. "నేనెప్పుడైనా దేనికైనా వద్దన్నానా? అమ్మనొక మాట అడుగు" అన్నాడు. మళ్లీ తనే, "అయినా సైకిలు తొక్కడానికి అంత దూరం పోవాలా, ఇక్కడ తొక్కుకోవచ్చుగా" అన్నాడు. సరే రేపటి నుంచి ఇక్కడే మొదలుపెడతాను అంటే, "ఇక్కడా? కాలనీలో మనల్ని అందరూ ఎరుగుదురు" అన్నాడు. మా అమ్మాయి సువార్త గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. దానికి ఫోన్ చేస్తే, "అమ్మా, నీకు సైకిలొచ్చా" అని అడిగింది. నేను కన్న పిల్లకు నా గురించి తెలియని సంగతి అంత పెద్దది ఉందని నాకు అప్పుడే తెలిసింది. అత్తయ్య కూడా వద్దనలేదు. "ప్రార్థన చేద్దాంలేమ్మా" అంది.

ఆ మాట విని నా గుండె జారిపోయింది. ఎందుకో చెప్పాలి. ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. ఆఫీసులో వారానికి ఒక సెలవు ఏ రోజు కావాలని అడిగితే, శుక్రవారం అని చెప్పమంది అత్తయ్య. చుట్టుపక్కల విశ్వాసులు ఓ ఇరవైమంది వస్తారు. జ్ఞానశేఖర్ పాటలు ఎత్తుకుంటాడు, పాస్టరు జీవరాజుగారు వాక్యం చెబుతారు, ముగింపు ప్రార్థన అయ్యేసరికి వేడివేడి పకోడీలు, టీ రావాలి. ఇన్నేళ్లలో నేను వాక్యం విన్నదంతా వంటింట్లోంచి, నూనె చప్పుడులోంచే. వాక్యానికి ముందు ప్రార్థన మనవులు అడుగుతారు. రోగాలు, పరీక్షలు, ఉద్యోగాలు చెబుతారు. దాంతోపాటు మా వాళ్లలో ఇంకో అలవాటు ఉంది, ఎదుటి మనిషి మొహం మీద అనలేనిది మనవిగా పెట్టేస్తారు. పక్కింటి ప్రేమమణి ఒకసారి, తన ఇంట్లో అద్దెకున్నవాళ్లు నీళ్ల మోటారు అంతసేపు వెయ్యకుండా వాళ్లకు మంచి మనసు ఇవ్వమని ప్రార్థించమంది. ఆ అద్దెకున్నవాళ్లు పక్క చాప మీదే కూర్చుని ఉన్నారు. ఏం చేస్తారు, వాళ్లూ ఆమేన్ అన్నారు.

ఆ శుక్రవారం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే అత్తయ్య గొంతు వినపడింది. "మా కోడలు దూరదేశం పోవాలని ఆశపడతంది. వొద్దనడానికి మేమెవరం. ఇది దేవుడి చిత్తం కాకపోతే ఆ తలుపు ఆయనే మూసెయ్యాలని అందరూ భారంగా ప్రార్థన చెయ్యండి." చేశారు. జీవరాజుగారు గొంతు పెంచి మరీ చేశారు. ఆడవాళ్లు నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు, నా మీద ప్రేమతోనే. చివర్లో ఆమేన్ అన్న గొంతుల్లో మా ఆయన గొంతు అన్నిటికంటే శ్రావ్యంగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. వద్దంటే వాదించవచ్చు, అలగవచ్చు, ఏడవవచ్చు. నా కోసం మోకరించి కన్నీళ్లతో ప్రార్థిస్తున్నవాళ్లతో ఏమని పోట్లాడను? ఉల్లిపాయలు తరిగి, పకోడీలు వేసి, అందరికీ పెట్టాను. "బాగా కరకరలాడుతున్నాయమ్మా" అన్నారు.

అప్పటి నుంచి ఇంట్లో ఏం జరిగినా దేవుడి జవాబే. గ్యాస్ అయిపోతే జవాబు. అత్తయ్యకు షుగర్ పెరిగితే జవాబు. వీసా ఆఫీసులో నాకు తేదీ ఇచ్చిన రోజే తెలంగాణ బంద్ పడి బస్సులు తిరగకపోతే, "చూశావామ్మా" అంది అత్తయ్య. తర్వాత వాళ్లే ఇంకో తేదీ ఇచ్చారు, దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. అంతకు ముందు పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ ఇంటికొచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఈమె ఎలాంటి మనిషి అని ఆయన అత్తయ్యను అడిగాడట. అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు. "బంగారంలాంటి పిల్ల నాయనా, ఎవరి జోలికీ పోదు" అని చెప్పి టీ కూడా ఇచ్చి పంపించిందని ప్రేమమణి నవ్వుతూ చెప్పింది.

ఫిబ్రవరి నుంచి నేను పొద్దున్నే పనులు తెముల్చుకుని లాలాగూడలో మా నాన్న దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక వాళ్లు క్వార్టరు వదిలేసి దగ్గర్లోనే రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. సైకిలు కావాలంటే నాన్న కాసేపు నా మొహం చూసి, తన సైకిలుకే గాలి కొట్టి, సీటు దించి ఇచ్చాడు. "నీ సైకిలు ఇచ్చేసిన రోజు నువ్వు ఒక్క మాట అంటే ఆపేద్దును బిడ్డా" అన్నాడు. "మీరు ఒక్క మాట అడిగితే అందును నాన్నా" అన్నాను. మొదటి రోజు హ్యాండిల్ వణికింది, చుడీదార్ చున్నీ నడుముకు కట్టుకున్నాను. రెండో వారానికి పాత క్వార్టర్ల వీధులన్నీ తిరగగలిగాను. తర్వాత పట్టాల మీది వంతెన ఎక్కడం మొదలుపెట్టాను. ఆ వంతెన మీద నేను జీవితంలో ఎన్నిసార్లు బస్సులో పోయానో, అంత ఎత్తని ఎప్పుడూ అనుకోలేదు. తొడలు మండాయి, ఊపిరి గొంతులో అడ్డం పడింది. మిసెస్ పెర్రీకి నేను రాసిచ్చిన తేలిక దారి ఎలాంటిదో అప్పుడు నా ఒంటికి తెలిసింది. దిగేటప్పుడు గాలి మొహాన కొడుతుంటే, నలభయ్యేళ్ల ఆడదాన్ని, పైకే నవ్వేశాను. అలా నవ్వుతూనే ఒకరోజు ఆటోను తప్పించబోయి పడ్డాను.

మోకాలు చెక్కుకుపోయింది. జ్ఞానశేఖర్ పక్కన రెండు రోజులు కుంటుతూ తిరిగాను, ఆయన గమనించలేదు. గమనించింది అత్తయ్య. పొద్దున వంటింట్లో నేను కింద కూర్చోలేక నిలబడి కూర తరుగుతుంటే వచ్చి, "సైకిలేనా" అంది. అవునన్నాను. కొబ్బరినూనెలో పసుపు కలిపి తెచ్చి, పీట వేసుకుని కూర్చుని, కాలు చాపమంది. ఆవిడ వేళ్లు గరుకుగా ఉన్నా రాయడం మెత్తగా రాసింది. తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"కందుకూరు కాడ మా ఊళ్లో మిషన్ దొరసాని నన్ను బైబిలు స్త్రీ ట్రైనింగుకు పంపిస్తానంది. ఊళ్లెంబడి తిరిగి ఆడోళ్లకు వాక్యం చెప్పే పని. నాకు చదవడం బాగా వచ్చు. మీ మామగారు కూడా సరేనన్నాడు. మా అత్త కూటంలో మనవి పెట్టింది, తలుపు మూసెయ్యమని. ఆ వారంలోనే గేదె ఈనింది. పాలు పితికేది ఎవరు, గడ్డి కోసుకొచ్చేది ఎవరు? అదే దేవుడి జవాబన్నారు అందరూ."

"మీరేమనుకున్నారు అత్తయ్యా?"

"నేనూ అదే అనుకున్నా. ఇప్పటికీ అనుకుంటానే ఉండా." మోకాలు ఒకసారి ముడిచి చూడమంది. ముడిచాను. గిన్నె పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

ఆవిడ మీద పెంచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. తనను ఏ తాడుతో కట్టేశారో అదే తాడు తెచ్చి నన్ను కట్టబోయింది, అది ప్రేమేనని నమ్మి. ఎందుకు చెప్పింది నాకు? ఆగిపొమ్మనా, ఆగొద్దనా? బస్సులో, రైల్లో, ఫ్రాన్సు రోడ్ల ఫోటోలు జరుపుతూ అదే ఆలోచించాను. ఆరోజు ఒక ఊరి కొండ దారి రాస్తూ "తేలిక" అని కొట్టి, చెరిపేసి, "కష్టం, ఆగి ఆగి ఎక్కండి" అని రాశాను. ఇన్నాళ్లూ తలుపు దేవుడు మూస్తున్నాడో మనుషులు మూస్తున్నారో అని తగువు పడ్డానుగానీ, నిజానికి మా ఇళ్లలో తలుపు మూసేది పని. గేదె ఈనడం దేవుడి జవాబు కాదు, దాని పాలు పితకడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టకపోవడమే అసలు జవాబు. నేను పోతే పోలీసులు ఆపరు, విమానం ఆపదు, మా ఆయనా ఆపడు. పొద్దున్నే జావ ఎవరు కాస్తారు అన్న ఒక్క ప్రశ్న ఆపుతుంది. ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, దాని బదులు ప్రార్థిస్తారు.

ఏప్రిల్‌లో ఒక గురువారం వీసా వచ్చింది. శనివారం టిక్కెట్టు కొంటాను, ఏ సంగతో అప్పటికి చెప్పండి అన్నాడు బాబూరావు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని అబద్ధం చెప్పను, పట్టింది, అలసిపోయి ఉన్నాను.

శుక్రవారం చాపలు పరిచాను, పిండి కలిపాను. జ్ఞానశేఖర్ రెండు పాటలు పాడాడు. ఆ తర్వాత జీవరాజుగారు ఎప్పటిలాగే, "దేవుడు చేసిన మేలును గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అడిగారు. ప్రేమమణి లేచి తలనొప్పి తగ్గిందని చెప్పింది. నేను మొదటి వాయి నూనెలో వేసి ఉన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాను. టీ తెచ్చాననుకుని ఇద్దరు ముగ్గురు జరిగి చోటిచ్చారు.

"నేను సాక్ష్యం చెప్పాలయ్యగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మూడు నెలలుగా మీరంతా నా కోసం ప్రార్థన చేస్తున్నారు, అందరికీ వందనాలు. దేవుడి చిత్తం కాకపోతే తలుపు మూసెయ్యమని అడిగారు. పోలీసాయన వచ్చినప్పుడు అత్తయ్యే నా గురించి మంచి మాట చెప్పింది, పాస్‌పోర్టు వచ్చింది. బంద్ రోజు పోయిన తేదీ మళ్లీ ఇచ్చారు. నిన్న వీసా వచ్చింది. మీరు ఇంత భారంగా అడిగినా ఆయన ఏ తలుపూ మూయలేదు. కాబట్టి రేపు మా ఆఫీసులో వెళ్తున్నానని చెప్పేస్తున్నాను. దేవునికి స్తోత్రం."

ఆ మాట వినపడ్డాక బదులివ్వకుండా ఉండడం మా వాళ్లకు అలవాటు లేదు. "స్తోత్రం" అన్నారు అందరూ. అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒక మనవి కూడా ఉంది" అన్నాను. "నేను లేని రోజుల్లో ఈ ఇంట్లో పొద్దున జావ, రెండు పూటల వంట, బట్టలు ఎవరు చూసుకుంటారా అని నాకు భారంగా ఉంది. మా ఆయనకు ఆ పని చేసుకునే మనసు, బలం దయచేయమని అందరూ ప్రార్థించండి."

ఎవరో దగ్గారు. జ్ఞానశేఖర్ పాటల పుస్తకంలో పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. జీవరాజుగారు ఈ మనవిని ఎలా ఎత్తుకోవాలో తెలియక అటూ ఇటూ చూసి, "రోసమ్మగారూ, మీరే ఒక మాట ప్రార్థన చెయ్యండమ్మా" అన్నారు. అత్తయ్య కళ్లు మూసుకుంది. ప్రార్థన మొదలుపెడితే అరగంటకు తక్కువ ఆపని మనిషి. నేను గోడ పక్కన మోకరించాను. ఆవిడ ఏమడుగుతుందోనని నా చెవులు రెండూ అక్కడే ఉన్నాయి. భయంగానే ఉంది. ఆవిడ కాదంటే నేను వెళ్లనని కాదు, వెళ్తాను, కానీ ఆ మాట మోసుకుంటూ వెళ్లాలి.

"ప్రభువా" అంది అత్తయ్య. "పొయ్యే బిడ్డకు మోకాళ్లల్లో బలం ఇయ్యి. ఎత్తులకాడ ఊపిరియ్యి. ఆమేన్."

అంతే. అంత చిన్న ప్రార్థనకు అలవాటు లేక చాలామంది కళ్లు తెరవనేలేదు. మాడిన వాసన ముందు నా ముక్కుకే తగిలింది. పొయ్యి ఆపలేదన్న సంగతి గుర్తొచ్చి లేవబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. పసుపు రాసినప్పటికంటే గట్టిగా పట్టుకుంది.

"నువ్వు కూర్చోమ్మా. అయ్యగారు వాక్యం చెప్తారు, విను" అంది. తర్వాత గది అవతలి వైపు చూసి, "శేఖరా, పకోడీలు మాడతన్నయ్యి. ఎల్లి చూడు" అంది.

ఆ పేరు గలవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమోనని జ్ఞానశేఖర్ గదంతా చూశాడు.